చవక తూటా: తెలుగు నేలపై వేట తుపాకీ బోరు ఎంపిక

వేట తుపాకీ కొనాలనుకున్నవారు ముందుగా తేల్చుకోవలసింది బోరు, అంటే గొట్టం లోపలి కొలత. బోరును బట్టి తూటా, తూటాను బట్టి దెబ్బ, దెబ్బను బట్టి ఏ జంతువుకు పనికొస్తుందన్నది ఉంటాయి. కొన్న రోజు పెట్టే ఖర్చూ, ఆ తరువాత ఏటేటా పెట్టే ఖర్చూ కూడా బోరు మీదే ఆధారపడతాయి. ఉత్తర అమెరికా పల్లెల్లో ఈ చర్చ ఎక్కువగా కోయోటీ కోసం సాగుతుంది. కోయోటీ తోడేలు కంటే చిన్నది, నక్క కంటే కాస్త పెద్దది. గొర్రెపిల్లలనూ కోళ్ళనూ ఎత్తుకుపోతుంది. తెలుగు నేలపై ఆ స్థానం నక్కది. అయితే నక్కను కాల్చడానికి మన చట్టంలో దాదాపు దారి లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పంట కోసం అనుమతితో తుపాకీ పేలేది అడవిపంది మీద. అందుకే ఈ వ్యాసంలో మూడు జంతువులూ వస్తాయి. కాల్చకూడనిది నక్క, అనుమతి ఉంటే కాల్చేది పంది, అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పొలం గట్టున కనిపించేది కోయోటీ.

తూటా వేగం, బరువు, దూరం గురించి ఎన్ని పట్టికలు చదివినా మన దగ్గర బోరు ఎంపిక వాటితో మొదలు కాదు. ముందు చట్టం ఏ బోరును ఒప్పుకుంటుందో చూడాలి. తరువాత ఆ బోరు తూటాలు దుకాణంలో దొరుకుతాయో లేదో చూడాలి. జంతువు సంగతి ఆ రెండూ తేలాకే. ఈ వరస తెలియక తుపాకీ కొన్నవారికి ఖరీదైన ఇనుప కర్ర మిగులుతుంది.

వేట నేల, సినిమా నేల

హైదరాబాద్ చుట్టుపక్కల ఈనాడు వన్యప్రాణులకు మిగిలిన చోట్లలో కొన్ని ఒకప్పటి దొరల వేట స్థలాలు. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి నిజాం వేటకు వెళ్ళిన నేల. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు మేస్తున్నాయి. మెదక్ వైపు పోచారం అభయారణ్యం కూడా నిజాం వేట మైదానమే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుమోసినవాడు. చంపిన పులుల పక్కన ఆయన దిగిన ఫోటోలను రాజా దీన్ దయాళ్ తీశారు. జూబ్లీహిల్స్ నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం ఒకప్పుడు చిరాన్ ప్యాలెస్ ఆవరణ, అంటే చివరి నిజాం మనవడు ముకర్రమ్ జా ఆస్తి. 1990ల్లో దాన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. సుమారు 390 ఎకరాల ఆ చిట్టడవిలో నెమళ్ళు, ముళ్ళపందులు, అడవిపిల్లులు, పునుగుపిల్లులు ఉన్నాయి. తెల్లవారుజామున నడకకు వచ్చేవారికి నెమలి కేక గేటు బయటే వినిపిస్తుంది. అక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, అడవిపందులు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

జూబ్లీహిల్స్ గుట్టల వెనక వైపు ఫిలింనగర్. మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలివచ్చాక ఎదిగిన పేట అది. పక్కనే బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. తెలుగువారిలో చాలామంది రైఫిల్‌ను మొదటిసారి చూసింది ఈ కొండల మీద తయారైన సినిమాల్లోనే. 2001లో వచ్చిన 'మృగరాజు'లో చిరంజీవి వేటగాడు. మనుషులను తినే సింహాన్ని వెంటాడతాడు. తెలుగు అడవుల్లో సింహం లేదు, అది వేరే సంగతి. తూటా ఖరీదు గురించి మాత్రం 2022 నాటి 'ఆర్ఆర్ఆర్' ఒక గట్టి మాట చెప్పింది. ఆదిలాబాద్ అడవిలో ఒక గోండు తల్లిని కాల్చబోయిన సైనికుణ్ణి తెల్లదొర ఆపుతాడు. ఇంగ్లండులో తయారై ఇంత దూరం వచ్చిన తూటాను ఆమె మీద వృథా చేయొద్దని అతని లెక్క. ఆ కథ కల్పితం. కానీ దూరం నుంచి రావలసిన తూటాకు ఉండే విలువ నిజం. వేట తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ అది తెలిసిన సంగతే.

సినిమా రైఫిల్‌ను చేతిలోకి తీసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. సినిమా సామాన్లు అద్దెకిచ్చే చోట దొరికే డమ్మీల్లో చాలావాటికి బోల్టు కదలదు. గొట్టం చివర రంధ్రం వేలెడు లోతున ఆగిపోతుంది. బరువు అసలు రైఫిల్‌లో సగం కూడా ఉండదు. భుజానికి తగిలే కుదుపు నటుడు నటించాలి, చప్పుడు డబ్బింగ్‌లో కలపాలి. తెర మీద హీరో ఏ బోరుతోనైనా ఎంత దూరానైనా కొట్టగలడు. పొలంలో అలా కుదరదు.

కొలతల భాష

తెలుగులో మనం బోరు అని ఒకే మాట అంటాం గాని, దాని వెనక రెండు వేర్వేరు కొలతలు ఉన్నాయి. రైఫిల్‌కు కొలత అంగుళాల్లో చెబుతారు. .22 అంటే సుమారు 5.6 మిల్లీమీటర్లు, .315 అంటే 8 మిల్లీమీటర్లు. రైఫిల్ గొట్టం లోపల మరలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. అవి తూటాను గిర్రున తిప్పి సూటిగా పంపుతాయి. నున్నటి గొట్టం ఉన్న గుళ్ళ తుపాకీకి లెక్క వేరు. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం 12 బోరు, అంటే 18.5 మిల్లీమీటర్లు. అందుకే 12 బోరు కంటే 16 బోరు సన్నం.

తూటా బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిను 65 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. దెబ్బ శక్తిని జౌళ్ళలో కొలవవచ్చు. .22 లాంగ్ రైఫిల్ తూటా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. దాని శక్తి 150 నుంచి 190 జౌళ్ళు. కోయోటీ వేటగాళ్ళకు ఇష్టమైన .223 రెమింగ్టన్ తూటా 55 గ్రెయిన్లే అయినా సెకనుకు దాదాపు 990 మీటర్ల వేగంతో వెళ్ళి 1,700 జౌళ్ళు దాటుతుంది. .30-06 తూటా 180 గ్రెయిన్లతో 3,900 జౌళ్ళ దాకా ఇస్తుంది. శక్తి ఎక్కువున్నదే మంచిదనుకోవడం కొత్తవారు చేసే పొరపాటు. ఎక్కువైన శక్తి జంతువును దాటి ఎక్కడికి పోతుందన్నదే పొలంలో అసలు ప్రశ్న.

చట్టం గీసిన గీత

మన దేశంలో బోర్లు రెండు రకాలు. ఒకటి నిషిద్ధ బోరు, రెండోది నిషేధం లేని బోరు. దుకాణాల్లో వీటిని పి.బి., ఎన్.పి.బి. అంటారు. .303, 7.62 మిల్లీమీటర్ల రైఫిళ్ళు, 9 మిల్లీమీటర్ల పిస్తోళ్ళు, .410 మస్కెట్ నిషిద్ధ బోర్లు. సైన్యమూ పోలీసులూ వాడే తూటా సామాన్యుడి తుపాకీలో పట్టకూడదన్నది దీని వెనక ఉన్న సూత్రం. ఇది బ్రిటిష్ కాలపు భయం. ఆయుధాగారం నుంచి దొంగిలించిన తూటాలు ఊళ్ళో తుపాకుల్లోకి ఎక్కుతాయేమోనని వాళ్ళు భయపడ్డారు. 20వ శతాబ్దం మొదట్లో .450 బోరు వేట రైఫిళ్ళను కూడా భారతదేశంలోకి రానివ్వలేదు. ఆ దెబ్బకు ఇంగ్లండు తుపాకీ కంపెనీలు .470, .465 వంటి కొత్త బోర్లు కనిపెట్టుకోవలసి వచ్చింది. వాళ్ళ భయానికి ఆధారం లేకపోలేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి పట్టుకెళ్ళినవి తుపాకులూ తూటాలే.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. .30-06 తూటా లావు కూడా 7.62 మిల్లీమీటర్ల తూటా అంతే. అయినా 7.62 నిషిద్ధం, .30-06 కాదు. .30-06 అమెరికా సైన్యం 1906లో తెచ్చుకున్నది, దాని డొక్కు, అంటే మందు ఉండే గొట్టం, పొడవు వేరు. మన సైన్యపు 7.62 తూటా అందులో పనిచేయదు. గొట్టం లావు ఒక్కటే చూసి ఏది చట్టబద్ధమో తేల్చుకోలేమని దీనివల్ల తెలుస్తుంది.

1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌ను ఈ విషయం రాసేవారు తరచు వదిలేస్తారు. బోరు ఎంపిక సగం అక్కడే జరిగిపోయింది. పంట కాపలాకు నిజంగా కావాలంటే మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్స్ ఇవ్వాలని ఆ సెక్షన్ అంటుంది. అది చాలదని అధికారికి అనిపిస్తే నున్నటి గొట్టపు తుపాకీకి ఇవ్వవచ్చు. ఆత్మరక్షణకూ ఆటకూ 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న గుళ్ళ తుపాకీ. గుర్తింపు పొందిన షూటింగ్ క్లబ్బు సభ్యుడికి గురి సాధనకు .22 రైఫిల్. మిగతా రైఫిళ్ళకు తగిన కారణం చూపించి అధికారిని ఒప్పించాలి. అంటే రైతు చేతికి చట్టం సహజంగా అందించేది గుళ్ళ తుపాకీ. రైఫిల్ ఆ తరువాతి మెట్టు.

2019 సవరణ తరువాత ఒక లైసెన్స్‌దారు రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. అంతకు ముందు మూడు ఉండేవి. లైసెన్స్ గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. రెండే తుపాకులకు చోటున్నప్పుడు బోరు ఎంపిక మరింత ఆలోచించి చేయవలసిన పని అయింది. తాత కాలపు డబుల్ బ్యారెల్ ఒకటి ఇంట్లో ఉంటే మిగిలింది ఒక్క చోటే.

త్రీ ఫిఫ్టీన్

భారతదేశంలో సామాన్యుడి రైఫిల్ అంటే .315. దుకాణంలోనూ పోలీసు స్టేషన్‌లోనూ 'త్రీ ఫిఫ్టీన్' అనే అంటారు. ఇది పుట్టిన తీరులోనే పైన చెప్పిన చరిత్ర అంతా ఉంది. .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మంచిదే, కానీ ఆ తూటా సామాన్యులకు నిషిద్ధం. అందుకని అదే రైఫిల్ నడుమును, అంటే బోల్టు ఉండే భాగాన్ని, ఉంచి, గొట్టం మార్చి, ఆస్ట్రియా సైన్యం 19వ శతాబ్దం చివర వాడిన 8 మిల్లీమీటర్ల మాన్‌లిచర్ తూటాకు సరిపడేలా చేశారు. ఇంగ్లండు నుంచి బి.ఎస్.ఎ. కంపెనీ వీటిని భారత విపణికి పంపింది. స్వాతంత్ర్యం తరువాత కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ పని కొనసాగించింది. తూటాలు పుణె దగ్గరి ఖడ్కీ మందుగుండు ఫ్యాక్టరీవి. ఈ రెండిటినీ నడిపిన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విడగొట్టారు. అప్పటినుంచి ఇషాపూర్ ఒక కంపెనీ కిందికి, ఖడ్కీ మరో కంపెనీ కిందికి వెళ్ళాయి. మన సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలోనూ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ ఉంది గాని అది చేసేది యుద్ధ వాహనాలు.

ఈ రైఫిల్ తూటా 244 గ్రెయిన్లు, సుమారు 16 గ్రాములు. వేగం సెకనుకు 600 మీటర్ల పైచిలుకే. నేటి రైఫిళ్ళతో పోలిస్తే మందగమనం. వంద మీటర్లు దాటితే తూటా బాగా కిందికి జారుతుంది. కానీ బరువైన, మెత్తని మూతి ఉన్న ఆ తూటా వంద మీటర్ల లోపు అడవిపంది భుజం మీది మందపు తోలును చీల్చుకుని లోపలికి పోతుంది. తెలుగు పొలాల్లో పంది కనిపించే దూరం సాధారణంగా అంతకంటే తక్కువే. జొన్న చేనులో, మొక్కజొన్నలో, వేరుశనగ గట్టున టార్చి వెలుగు పడేది యాభై అరవై మీటర్ల దాకా. ఆ దూరానికి ఈ తూటా చక్కగా సరిపోతుంది.

వాడేవారు తెలుసుకోవలసిన చిన్న సంగతి ఒకటుంది. .315 తూటా అడుగున వెడల్పు అంచు ఉంటుంది. మేగజైనులో తూటాలు ఒకదానిమీద ఒకటి పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు పడాలి. వెనక పడితే బోల్టు తోసినప్పుడు పై అంచు కింది అంచుకు తగులుకుని రెండూ ఇరుక్కుపోతాయి. చీకట్లో, మంచె మీద, చలికి వేళ్ళు బిగుసుకున్న వేళ ఆ ఇరుకు తీయడం తేలిక కాదు. మేగజైను పగలే నింపుకుని, ఒక్కో తూటా అంచును బొటనవేలితో తడిమి చూసుకోవడం పాతవారి అలవాటు. ఖాళీ డొక్కులతో నాలుగు రోజులు సాధన చేస్తే చెయ్యి దానంతట అదే నేర్చుకుంటుంది.

పన్నెండు బోరు

చవక అన్న మాటకు తెలుగు పల్లెలో సరైన జవాబు 12 బోరు సింగిల్ బ్యారెల్. తుపాకీ చవక, తూటా చవక, బాగుచేసే మనిషి జిల్లా కేంద్రంలోనే దొరుకుతాడు. ఖడ్కీలో తయారయ్యే 'శక్తిమాన్' తూటాలు చాలా దుకాణాల్లో కనిపిస్తాయి. గుళ్ళ సైజు మార్చుకుంటే ఒకే తుపాకీ వేర్వేరు పనులకు వస్తుంది. సన్నగుళ్ళ తూటా పక్షులను బెదరగొట్టడానికి, ఎల్.జి. అనే పెద్దగుళ్ళ తూటా పందికి. ముప్పై నలభై మీటర్లు దాటితే పెద్దగుళ్ళు చెదిరి పంది గాయపడి పారిపోతుంది. గాయపడిన పంది మనిషి మీదికి వస్తుంది. అందుచేత 12 బోరు పట్టుకున్నవారికి ఓపిక ఉండాలి, పంది దగ్గరికి వచ్చేదాకా చూడాలి.

రైఫిల్ కంటే 12 బోరును నేను ముందు పెట్టేది మరో కారణం వల్ల. తెలుగు పొలం ఖాళీ నేల కాదు. పక్క చేలో కాపలా పడుకున్న మనిషి ఉంటాడు, బోరుబావి మోటారు వేయడానికి అర్ధరాత్రి వచ్చే మనిషి ఉంటాడు, గట్టు అవతల గొర్రెల మంద దగ్గర కాపరి ఉంటాడు. .30-06 తూటా వృథాగా పోతే నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళగలదు. చిన్నదిగా కనిపించే .22 కూడా కిలోమీటరున్నర దాటుతుంది. పెద్దగుళ్ళు కొన్ని వందల మీటర్లలో నేల మీద పడతాయి. రైఫిల్ వాడక తప్పకపోతే మంచె ఎక్కి కిందికి కాల్చాలి. అప్పుడు పందిని దాటిన తూటాను నేల మింగుతుంది. నేల మీద నిలబడి, చదునైన చేలో, రాత్రివేళ రైఫిల్ పేల్చడం ఏ బోరుతోనూ క్షేమం కాదు.

.22, .30-06, పాత రైఫిళ్ళు

.22 లాంగ్ రైఫిల్ 1887 నాటిది. ప్రపంచంలో అన్నిటికంటే చవక తూటాల్లో ఒకటి. చట్టం దీన్ని క్లబ్బు సాధనకు ఇచ్చింది, అదే దాని సరైన చోటు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజిలో గురి నేర్చుకునే పిల్లలు .177 ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి తరువాత దీనికి వస్తారు. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. ఆ పతకం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో వచ్చింది. .22తో పందిని కాల్చడం మాత్రం క్రూరత్వం. ఆ తూటా పందిని చంపదు, కుంటిదాన్ని చేస్తుంది.

.30-06ను కూడా ప్రభుత్వ ఫ్యాక్టరీ తయారు చేస్తుంది. ఇది .315 కంటే సూటిగా, దూరంగా కొడుతుంది. తూటా ఖర్చు, భుజానికి కుదుపు రెండూ ఎక్కువ. ఏడాదికి ఒకటి రెండు సార్లు అటవీశాఖ పిలుపు మీద వెళ్ళే అనుభవజ్ఞులకు తగినది. ఒక్క పొలం కాచుకునే రైతుకు అనవసరం.

ఇక పాత జమీందారీ ఇళ్ళలో గోడకు వేలాడే విదేశీ రైఫిళ్ళ కథ వేరు. సికింద్రాబాద్ బొల్లారంలో 1910లో పుట్టిన వేట రచయిత కెనెత్ ఆండర్సన్ వాడింది .405 వించెస్టర్. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ పులి గురించి ఆయన రాశారు. అలాంటి బోరుకు ఈనాడు జిల్లా కేంద్రంలో తూటా దొరకడం దాదాపు అసాధ్యం. తూటా దొరకని రైఫిల్‌కు ఎంత పేరున్నా అది గోడ అలంకారమే. పాత రైఫిల్ చవకగా వస్తోందని ఎవరైనా చెబితే, ముందు ఆ బోరు తూటాల డబ్బా ఒకటి కొని చూపించమనాలి.

నక్క, పంది, చట్టం

మనం నక్క అని పిలిచే జంతువును శాస్త్రజ్ఞులు కానిస్ ఆరియస్ అంటారు. ఎనిమిది నుంచి పదకొండు కిలోల బరువు ఉంటుంది. ఎలుకలు, పీతలు, చచ్చిన పశువులు, రేగుపండ్లు, అందితే కోడిపిల్లలు తింటుంది. చెరకు తోటలోనూ పుచ్చ తోటలోనూ కొంత పాడు చేస్తుంది. ఎలుకలను తిని అంతకంటే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దానితో నక్క మొదటి షెడ్యూలులోకి వెళ్ళింది, అంటే పులితో సమానమైన రక్షణ. దాన్ని వేటాడినవారికి మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, బాగుపడని రోగమో గాయమో ఉంటేనో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఒక్కరే అనుమతి ఇవ్వగలరు. కాబట్టి నక్కకు ఏ బోరు బాగుంటుందన్న ప్రశ్నకు తెలుగు రాష్ట్రాల్లో జవాబు ఏ బోరూ కాదనే. కోళ్ళ గూటికి గట్టి జాలీ, రాత్రి గొర్రెలకు ముళ్ళకంప దడి, కాపలాకు కుక్క. ఇవే నక్కకు మందు.

'నక్క తోక తొక్కి వచ్చాడు' అని అదృష్టవంతుణ్ణి అంటాం. ఆ మాట పుట్టిన నేల మీదే నక్కను పేరుగా పెట్టుకున్న నక్కల వారున్నారు. వీరు తమిళనాట నరికురవలుగా పేరుపడిన వేట జాతి. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. నక్కలనూ పక్షులనూ వలలతో, నాటు తుపాకులతో పట్టడం వారి పాత వృత్తి. 1972 చట్టం ఆ బతుకుతెరువును మూసేసింది. పూసల అమ్మకం వంటి పనులకు మళ్ళారు. వేట నిషేధం గురించి మాట్లాడినప్పుడు అడవి గురించి ఆలోచించినంతగా వీరి గురించి ఆలోచించలేదన్నది నిజం.

అదే 1972 చట్టంలో అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. మనుషులకో ఆస్తికో, పొలంలో నిలిచిన పంటకో ప్రమాదమైతే 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా వేటకు అనుమతించవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఫలానా ప్రాంతంలో, ఫలానా గడువుకు దాన్ని హానికర జంతువుగా ప్రకటించవచ్చు. 2015-16లో బీహారులో నీల్‌గాయి, పందులకూ, ఉత్తరాఖండ్‌లో పందులకూ అలా ప్రకటించారు. 2016 జూన్‌లో బీహారులోని మొకామాలో నీల్‌గాయిలను కాల్చడానికి హైదరాబాద్ నుంచి షూటర్లు వెళ్ళారు. ఆ వేట మీద కేంద్ర మంత్రులే రెండు వైపులా నిలబడి వాదించుకున్నారు. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు పందుల వేట అనుమతి అధికారం అప్పగించింది. తెలుగు రాష్ట్రాల్లోనూ అటవీశాఖ తన జాబితాలోని లైసెన్స్‌దారులైన షూటర్లతో ఈ పని చేయించే పద్ధతి ఉంది. రైతు తన తుపాకీ తీసుకుని తనంతట తాను వెళ్ళి కాల్చడం నేరమే.

ఈ అనుమతి పద్ధతి పాటించనిచోట ఏం జరుగుతోందో చూస్తే బాధ కలుగుతుంది. చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. పిండిలో నాటుబాంబు పెడతారు. ఆ తీగకు పొరుగు రైతు తగిలి చనిపోయిన వార్తలు ప్రతి పంట కాలంలోనూ పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్ అడవుల్లో పులులు కూడా ఆ తీగలకు బలయ్యాయి. ఖర్చు చూస్తే కరెంటు తీగ ఏ తుపాకీ కంటేనైనా చవక. అందుకే దాన్ని ఆశ్రయిస్తున్నారు. అనుమతి త్వరగా వస్తే, షూటర్ వారం లోపు ఊరికి చేరితే ఆ తీగ అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఖర్చు లెక్క

తుపాకీ ధర మొదటి రోజు ఖర్చు మాత్రమే. లైసెన్స్‌లోనే ఒకసారి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని అని రాసి ఉంటుంది. ఆ హద్దు లోపలే గురి సాధన, జీరో చేసుకోవడం (అంటే గురి గుర్తును తూటా పడే చోటికి సరిచేసుకోవడం), పొలం పని అన్నీ జరగాలి. ఖరీదైన తూటా ఉన్న బోరు కొన్నవారు సాధన మానేస్తారు. సాధన లేని చెయ్యి జంతువును గాయపరుస్తుంది. చవక బోరుకున్న అసలు గుణం అదే. దానితో ఎక్కువ సార్లు కాల్చి నేర్చుకోవచ్చు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా తుపాకీ పోలీసు స్టేషన్‌లో జమ చేయమనవచ్చు. ఆ నెలలు సరిగ్గా పంట చేతికొచ్చే కాలంలో పడితే రైతు చేతిలో టార్చి, డప్పు మాత్రమే మిగులుతాయి. తుపాకీ ఒక్కదాని మీదే పంట కాపలా పెట్టుకోకూడదని చెప్పేది ఇందుకే.

కోయోటీ, అమెరికా తెలుగువారు

టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ ఊళ్ళలో స్థిరపడిన తెలుగువారికి కోయోటీ కొత్త కాదు. పెరటి దడి వెనక సాయంత్రం దాని ఊళ వినిపిస్తుంది. అమెరికాలో హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. ఒక్క కేంద్ర ప్రభుత్వ విభాగమే ఏటా పదుల వేల కోయోటీలను చంపుతోంది. వందేళ్ళుగా ఇంత చంపుతున్నా దాని నేల పెరుగుతూనే వచ్చింది, తగ్గలేదు.

అక్కడ చవక బోరు అంటే ఎక్కువమంది చెప్పేది .223 రెమింగ్టన్. 1960ల మొదట్లో వచ్చిన ఈ తూటాకు సైన్యపు 5.56తో దగ్గరి చుట్టరికం ఉంది. అందువల్ల లెక్కలేనన్ని తయారవుతాయి, అందుకే చవక. మన దగ్గర సైన్యపు తూటా కాకపోవడమే బోరుకు అర్హత. అక్కడ సైన్యపు తూటా కావడమే దాని చవకకు కారణం. .223తో రెండు వందల మీటర్ల దాకా పదిహేను కిలోల జంతువుకు సరిపోతుంది, కుదుపు తక్కువ. గాలి ఎక్కువ వీచే మైదానాల్లో 1955 నాటి .243 వించెస్టర్ మేలు. దాని బరువైన తూటా గాలికి అంతగా పక్కకు పోదు, అదే రైఫిల్ జింకకూ పనికొస్తుంది. .22-250 వేగంలో మిన్న, కానీ తూటా ఖరీదెక్కువ, గొట్టం త్వరగా అరుగుతుంది. .17 హెచ్.ఎం.ఆర్., .22 మాగ్నమ్ వంటి రిమ్‌ఫైర్ తూటాలు వంద మీటర్ల లోపు గురి బాగా కుదిరినవారికే.

హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు బోరు ఆలోచించే ముందు మరో సంగతి చూసుకోవాలి. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తాత్కాలిక వీసాదారులు తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. వీసాదారులకు ఉన్న ప్రధాన మినహాయింపు, ఏదో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్స్ చేతిలో ఉండడం. ఆ లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నంతకాలమే మినహాయింపు. గడువు తీరిన మర్నాడు బీరువాలోని రైఫిల్ నేరమవుతుంది. రైఫిల్ ఏ బోరుదైనా, ఎంత చవకదైనా.